బంతిలోంచి లేవకూడదు

వాడరేవులో మా మామగారు నడిపిన భోజనశాలలో ఒక్కసారి తిన్నవాళ్ళకి కూడా రెండు సంగతులు జన్మంతా గుర్తుంటాయి. ఒకటి మా అత్తగారి మజ్జిగ పులుసు. రెండోది, ఎండిపోయిన తమ కుడిచెయ్యి.

ముందు చెయ్యి సంగతి చెబుతాను. ఆ భోజనశాలలో బల్లలూ కుర్చీలూ ఉండవు. హాల్లో గోడ పొడుగునా పీటలు, పీటల ముందు విస్తళ్ళు. అందరూ ఒకేసారి కూర్చోవాలి. అందరి విస్తట్లోనూ నెయ్యి పడేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ఆఖరి మనిషి మజ్జిగన్నం కూడా తిని విస్తరి మడిచేదాకా ఎవరూ లేవకూడదు. పెళ్ళిళ్ళ బంతుల్లో ఉండే పద్ధతే, కొత్తదేం కాదు. కాకపోతే దాన్ని సముద్రం ఒడ్డున, డబ్బిచ్చి తినే చోట, ముక్కూ మొహం తెలియని ప్రయాణికుల మీద అమలు చెయ్యాలని మా మామగారికి తప్ప ఇంకెవరికీ తట్టి ఉండదు.

నేను గుంటూరు పిల్లని. మా పుట్టింట్లో ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని ఒకరు రేడియో దగ్గర, ఒకరు మెట్ల మీద, ఒకరు గదుల్లో తిరుగుతూ తినేవాళ్ళం. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో గిన్నెలు చూసి తెలుసుకోవాల్సిందే. అలాంటిదాన్ని ఎనభైల మొదట్లో పెళ్ళయి చీరాల కాపరానికి వచ్చాను. మా ఆయన అక్కడ హైస్కూల్లో లెక్కల మాస్టారు. అత్తగారూ మామగారూ వాడరేవులో భోజనశాల పెట్టుకుని అక్కడే ఉండేవారు. నేను వచ్చిన మొదటి ఆదివారం మమ్మల్ని భోజనానికి రమ్మన్నారు. కొత్త కోడలినని నన్ను కూడా ప్రయాణికులతో బంతిలో కూర్చోబెట్టారు. నేను అలవాటు కొద్దీ గబగబా తినేసి లేవబోయాను.

"కూర్చో అమ్మాయ్. ఇంకా తింటున్నారు," అన్నారు బంతి మొదట్లో కూర్చున్న మామగారు.

తింటున్నది గుంటూరు మిర్చి యార్డు షావుకారు ఒకాయన. ఏళ్ళ తరబడి మిరపకాయల ఘాటు పీల్చి పీల్చి ఆయనకి దగ్గు పట్టుకుంది. సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెబితే నెలనెలా వాడరేవు వచ్చేవారు. ఆయన పీల్చిన గాలి ఎంతో నాకు తెలియదు గాని, తిన్న పప్పు మాత్రం నా కళ్ళారా చూశాను. నేను మజ్జిగ కూడా తాగి చెయ్యి ముడుచుకు కూర్చునేసరికి ఆయన ఇంకా మొదటి పప్పులోనే ఉన్నారు. ముద్ద కలిపేవారు, దాన్ని ఒకసారి చూసుకునేవారు, సముద్రం గురించి ఒక మాట చెప్పేవారు, దగ్గేవారు, అప్పుడు నోట్లో పెట్టుకునేవారు. నా చేతికి అంటిన మెతుకులు ఎండి, ఎండాకాలం నల్లరేగడి చేనులాగా బీటలు వారాయి. కొత్త పెళ్ళికూతురు కన్నీళ్ళు పెట్టుకుందని ఎవరో వెళ్ళి మా పుట్టింట్లో చెప్పారు గాని, అవి కన్నీళ్ళు కావు, ఆవలింతలు.

మామగారు రిటైరైన హెడ్మాస్టారు. అద్దంకి, చీమకుర్తి వైపు పల్లెటూళ్ళలో చిన్న బళ్ళు నడిపి నడిపి వచ్చిన మనిషి. ఒకసారి పిల్లల్ని సముద్రం చూపించడానికి వాడరేవు తీసుకొచ్చారట. మధ్యాహ్నానికి అందరికీ ఆకలేసింది. వాడంతా తిరిగినా చేప తగలని ముద్ద ఎక్కడా దొరకలేదు. తినే పిల్లలకి పెట్టించి, తినని పిల్లల్ని చూస్తూ కూర్చోమనడం ఈయన వల్ల కాదు. దాంతో బడి బడంతా మరమరాలు తిని, సముద్రం వైపు కోపంగా ఒక చూపు చూసి ఇంటికి వెళ్ళిపోయారు. పిల్లలు ఆ కోపం మర్నాటికి మర్చిపోయి ఉంటారు. ఈయన మాత్రం రిటైరయ్యేదాకా దాచుకుని, జీడిమామిడి తోట పక్కన ఒక పెంకుటిల్లు అద్దెకి తీసుకుని, 'శాకాహార భోజనశాల' అని బోర్డు కట్టారు. "సముద్రం చూడ్డానికి వచ్చినవాడు సముద్రాన్ని తినాలని ఎక్కడుంది?" అనేవారు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని, చేపల ఊళ్ళో ఆకుకూరల హోటలేమిటని మొదట్లో అందరూ నవ్వారు. జాలర్లు దాన్ని 'పంతులుగారి ఆకుల హోటలు' అనేవారు. తర్వాత్తర్వాత చేపలు తినీ తినీ మొహం మొత్తినప్పుడు గోంగూర కోసం వాళ్ళే వచ్చి బంతిలో కూర్చునేవారు. బళ్ళో అందర్నీ ఒకే వరసలో కూర్చోబెట్టిన మనిషి కనక, మామగారు ఎవర్నీ నువ్వెవరని అడగలేదు. కాళ్ళు కడుక్కున్నావా అని మాత్రం అందర్నీ అడిగేవారు.

ఆ రోజుల్లో వాడరేవులో చూడ్డానికి లైట్‌హౌసు, సరుగుడు తోపులు, పడవలు, బోలెడు ఇసక. వచ్చేవాళ్ళు కూడా నెమ్మదస్తులే. చీరాల బట్టల కొట్లలో గుమాస్తాలు, పత్తి అమ్మి ఊపిరి పీల్చుకుందామని వచ్చిన రైతులు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి సిగ్గుపడి సముద్రం మొహం చూసే కొత్త దంపతులు, కార్తీకంలో స్నానాలకి వచ్చే ఆడవాళ్ళు. ఆ ఉప్పు నీళ్ళలో పప్పు చచ్చినా ఉడకదు కనక వంటకి మంచినీళ్ళు బండి మీద వచ్చేవి. గాలి తిరిగిందంటే ఎండబెట్టిన చేపల వాసన నేరుగా హాల్లోకి వచ్చి పీట వేసుక్కూర్చునేది. మామగారు వెంటనే లేచి సాంబ్రాణి వేసేవారు. ఆ రెండూ కలిసిన వాసన ఒట్టి చేపల వాసన కంటే అన్యాయమని ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

బిగుతు ప్యాంట్లతో వచ్చిన కుర్రాళ్ళ అవస్థ వేరు. వాళ్ళకి పీటల మీద బాసింపట్టు వేసుక్కూర్చోవడం కుదరదు. ఒకతను మొండిగా కూర్చుంటే కుట్లు పటపటమన్నాయి. అప్పట్నుంచీ మామగారు గుమ్మం పక్క చిలక్కొయ్యకి చీరాల లుంగీలు తగిలించి ఉంచారు. కొత్త భార్య ముందు గళ్ళ లుంగీ కట్టుకుని, పైన టక్ చేసిన చొక్కాతో బంతిలో కూర్చున్న పెళ్ళికొడుకుల్ని ఎంతమందిని చూశానో. ఆ అమ్మాయిలు నవ్వు ఆపుకోలేక విస్తట్లోకి తలలు వంచేసేవారు. కొన్ని సంసారాలు అక్కడే గట్టిపడ్డాయని నా నమ్మకం.

ఈ లేవకూడదన్న నియమం ఎందుకండీ అని మా ఆయన స్నేహితుడొకరు ఒకసారి అడిగేశారు. మామగారు కోప్పడలేదు. "పక్కవాడు లేచి చెయ్యి కడుక్కుంటే, తింటున్నవాడికి ముద్ద దిగదు బాబూ. మొహమాటపడి సగం కడుపుతో లేస్తాడు. నెమ్మదిగా తినేవాడికి అన్నం దక్కాలంటే తొందరగా తిన్నవాడు కాసేపు కూర్చోవాలి. అంతే," అన్నారు.

ఆ మాట నాకు నచ్చింది. చెయ్యి ఎండిపోవడం మాత్రం ఎప్పుడూ నచ్చలేదు.

చీరాల బస్సు లైట్‌హౌసు దగ్గర వెనక్కి తిరిగి, కాసేపు ఆగి వెళ్ళేది. దాని డ్రైవరుకి కూడా మా పద్ధతి అలవాటైపోయింది. హారను కొట్టి, మా కిటికీలోంచి బంతి ఎంతవరకు వచ్చిందో చూసి, "ఇంకా పులుసులోనే ఉన్నారా?" అని కేకేసి వెళ్ళి బీడీ ముట్టించుకునేవాడు.

ఆ భోజనశాల మామగారిదని అందరూ అనుకునేవారు. బోర్డు ఆయనది, నియమం ఆయనది, గొంతు ఆయనది. ప్రాణం మాత్రం మా అత్తగారిది. ఆదివారాలూ సెలవులూ నేను వడ్డనకి వెళ్తుండేదాన్ని కనక ఈ సంగతి మొదట కనిపెట్టింది నేనే.

హాలుకీ వంటింటికీ మధ్య చిన్న కిటికీ ఉండేది. బంతి నడుస్తున్నంతసేపూ అత్తగారి చెయ్యి గరిటె మీద, చెవి కిటికీలో. "అమ్మాయ్, ఆ మూలన పసుపు చొక్కా ఆయన పులుసు మళ్ళీ అడిగాడు కదూ?" అనేవారు గుసగుసగా. "ఆ పొడుగావిడ వంకాయ ముట్టుకోలేదు, కారం ఎక్కువైందంటావా?" ఒకసారి నరసరావుపేట నుంచి వచ్చినావిడ వంటింటి గుమ్మందాకా వచ్చి, "ఏవండీ, మజ్జిగ పులుసులో ఏం నూరి కలిపారు? మా ఇంట్లో ఎంత చేసినా ఇలా రాదు," అని అడిగింది. అత్తగారు నానిన శనగపప్పు, అల్లం, పచ్చిమిర్చి అని చెప్పి, ఆవిడ వెళ్ళాక నన్ను పట్టుకుని మళ్ళీ మొదట్నుంచీ చెప్పారు. అప్పటికి నాకది నోటికి వచ్చు. అయినా విన్నాను. ఆవిడ మొహం అంత బాగుంది మరి.

ఆవిడ సంతోషానికి కారణం ఉంది. మామగారి నిఘంటువులో 'బాగుంది' అన్న మాట లేదు. ఉప్పు ఎక్కువైతే ఉప్పు ఎక్కువైందనేవారు. తక్కువైతే తక్కువైందనేవారు. సరిపోతే ఏమీ అనేవారు కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ వంటకి దొరికిన అత్యున్నత బహుమతి ఆ ఏమీ అనకపోవడమే. ఆయన కొడుకు, అంటే మా ఆయన, అక్షరాలా అదే అచ్చు. చారు తాగుతూ పేపరు చదివితే చారు బాగున్నట్టు నేను అర్థం చేసుకోవాలి. అలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషికి ఊరూ పేరూ తెలియనివాళ్ళు రోజూ వచ్చి, "తల్లీ, ఏం పులుసమ్మా ఇది!" అంటుంటే ఎలా ఉంటుంది? వయసు మళ్ళాక వచ్చిన ఆ మాటల్ని ఆవిడ ఒక్కటి కూడా కింద పడనిచ్చేవారు కాదు.

అలా నడుస్తుండగా ఒక ఎండాకాలం ఆదివారం ఆ కుర్రాడు వచ్చాడు. సాయంత్రం చీరాలలో మద్రాసు రైలు ఎక్కాలి, ఏదో ఇంటర్వ్యూ. సముద్రం చూసి, తిని, బస్సెక్కుదామని అతని ఏర్పాటు. ఖర్మకాలి అదే బంతిలో షావుకారుగారు ఉన్నారు. ఇంకా ఖర్మకాలి ఆ రోజు బస్సు డ్రైవరు కొత్తవాడు. బస్సు హారను కొట్టింది. కుర్రాడు మజ్జిగ తాగేసి షావుకారుగారి వైపు చూశాడు. షావుకారుగారు గోంగూరలో ఉల్లిపాయ నంజుకుంటూ, అమరావతిలో కృష్ణ స్నానం మంచిదా వాడరేవులో సముద్ర స్నానం మంచిదా అన్న చర్చలో ఉన్నారు. బస్సు మళ్ళీ హారను కొట్టింది. కుర్రాడు లేచి నిలబడ్డాడు.

"కూర్చో నాయనా. ఇంకా తింటున్నారు," అన్నారు మామగారు.

"బస్సు వెళ్ళిపోతుందండీ."

"వెళ్ళదు. మనవాళ్ళు ఆపుతారు."

"నేను డబ్బిచ్చి తిన్నానండీ. లేవడానికి మిమ్మల్ని అడగాలా? ఇది హోటలా, బడా?"

అని విస్తరి కూడా మడవకుండా పరిగెత్తాడు. లుంగీ విప్పి ప్యాంటు వేసుకునే తీరిక లేక, ప్యాంటు భుజాన వేసుకుని గళ్ళ లుంగీతోనే బస్సెక్కాడు. ఇంటర్వ్యూకి ఎలా వెళ్ళాడో దేవుడికెరుక.

అది చూసి బంతంతా నవ్వింది. మా ఆయన నవ్వారు. షావుకారుగారైతే నవ్వీ నవ్వీ దగ్గు తెరలో పడి నీళ్ళు తాగాల్సివచ్చింది. చెంబు పట్టుకుని నేను కూడా నవ్వాను. ఎవరికైనా నవ్వొచ్చే సందర్భమే. నవ్వనిది మామగారొక్కరే. ఆ కుర్రాడు అన్న మాట ఆయన దులిపేసుకునేవారే. మా నవ్వు మాత్రం గుచ్చుకుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఎదురుగా ఎవరూ నవ్వలేదు. అందరి భోజనాలూ అయ్యేదాకా కూర్చుని, లేచి, ఆ కుర్రాడి విస్తరి తనే మడిచి తీసుకెళ్ళి బయట పారేశారు.

సాయంత్రానికి బోర్డు దించేశారు. "వచ్చే ఆదివారంతో సరి. అద్దంకిలో మన ఇంటికి మనం పోదాం. ఇక ఇక్కడ పొయ్యి వెలిగించేది లేదు," అన్నారు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపించడానికి మా ఆయన ఒకసారి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు. అత్తగారు చేటలో బియ్యం ఏరుకుంటూ ఏమీ అనలేదు. మామగారు దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టుకున్నారు. మౌనం అర్ధాంగీకారం అన్న మాట మగవాళ్ళ కోసం ఎవరో చాలా ముందుచూపుతో కనిపెట్టారు.

నేను నిజంగానే ఒక మంచి మాట చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. "పోనీలెండి అత్తయ్యగారూ, ఇన్నాళ్ళకి మీకు కాస్త విశ్రాంతి," అన్నాను.

ఆవిడ చేట పక్కన పెట్టి నా వైపు చూశారు. "విశ్రాంతి ఎవరడిగారే? ఆయనకేం, బళ్ళోంచి రిటైరయ్యారు, ఇప్పుడు దీన్నుంచి రిటైరవుతారు, అరుగు మీద కూర్చుంటారు. నేను అక్కడా వండాల్సిందేగా? ఇద్దరికి వండాలి. ఆ ఇద్దరికీ, బాగుందని ఒక్కసారైనా అనిపించుకోకుండా వండాలి." కొంగుతో చెయ్యి తుడుచుకుని, "నాకిక్కడ బాగుందే అమ్మాయ్. నా చేతి వంట మంచిదని నాకిక్కడికొచ్చాకే తెలిసింది. నేను వెళ్ళను," అన్నారు.

"మరి మామయ్యగారితో చెప్పకూడదూ?"

"ఆయనకి చెబితే వింటారేమిటి? చెవితో వినే మనిషైతే ఎప్పుడో వినేవారు," అని మళ్ళీ చేట అందుకున్నారు.

వారమంతా సామాన్లు కట్టారు. కట్టింది మామగారు. అత్తగారు ఆవకాయ జాడీ మూతకి గుడ్డ కూడా కట్టలేదు. మళ్ళీ ఆదివారం వచ్చింది. సామాన్ల కోసం చీరాల నుంచి లారీ మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తానంది. బోర్డు లేకపోయినా తెలిసినవాళ్ళు వచ్చారు. షావుకారుగారు, పాపం, తన నెమ్మది వల్లే ఇదంతా అయిందన్న బాధతో కాస్త ముందే వచ్చి, "ఇవాళ గబగబా తినేస్తాను పంతులుగారూ," అని మాటిచ్చారు. బాపట్ల నుంచి ఒక కొత్త జంట, పెళ్ళికొడుకు లుంగీతో సహా. ఇద్దరు గుమాస్తాలు. మా ఆయన. బంతి మొదట్లో మామగారు.

అత్తగారు పొద్దున్నే తలంటుకుని, మంగళగిరి చీర కట్టుకుని వంట చేశారు. దోసకాయ పప్పు, వంకాయ కొత్తిమీర కారం, గోంగూర, సొరకాయ మజ్జిగ పులుసు. ఏదీ తగ్గించలేదు. నేను విస్తళ్ళు వేసి నీళ్ళు చల్లుతుంటే ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. ఒక పీట తెచ్చి బంతి చివర వేసుకున్నారు. ఒక విస్తరి వేసుకున్నారు. కూర్చున్నారు.

మామగారు చూశారు. "ఏమిటిది?"

"భోజనానికి కూర్చున్నానండీ. ఆఖరి బంతి కదా."

కాదనడానికి లేదు. ఎవరొచ్చి కూర్చున్నా ఆ బంతిలో లేవమన్నది లేదు. మామగారు గొంతు సవరించుకుని, "సరే, కానివ్వండి," అన్నారు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే అంటారు. ఆ రోజు వడ్డించింది నేను. ఆవిడ కంటి చూపుతో చెప్పినవన్నీ చేశాను. పప్పు అందరికంటే కాస్త ఎక్కువే పడింది. నెయ్యి సంగతి చెప్పను.

అత్తగారు పప్పు కలిపారు. ఒక్కొక్క మెతుకూ కడిగిన ముత్యమన్నట్టు తినడం మొదలుపెట్టారు. షావుకారుగారు మాటిచ్చినట్టే చకచకా తిని, మజ్జిగ పోయించుకుని, తల ఎత్తి చూసి నిర్ఘాంతపోయారు. ఆయన జీవితంలో మొదటిసారి ఆయన ఆఖరు కాదు. ఎండిపోతున్న చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "ఇదన్నమాట అందరి సంగతి," అన్నారు.

ఒక్కొక్కరే విస్తరి మడిచారు. అత్తగారు వంకాయలోకి వచ్చారు. నాకు సైగ చేసి మళ్ళీ పప్పు వేయించుకున్నారు. మామగారి భోజనం ఎప్పుడో అయింది. ఆయన కుడిచెయ్యి ఒళ్ళో తెల్లగా ఎండిపోయి ఉంది.

"అమ్మాయ్, మీ అత్తయ్యకి మజ్జిగ పొయ్యి," అన్నారు.

అత్తగారు విస్తరి మీద అరచెయ్యి అడ్డంపెట్టారు. "అప్పుడే వద్దు. పులుసు ఇంకా వేసుకోలేదు."

బస్సు హారను వినిపించింది. కొత్త జంట ఒకరినొకరు చూసుకున్నారు. గుమాస్తాలు కదిలారు గాని లేవలేదు. మా ఆయన నా వైపు చూస్తే నేను గోడ వైపు చూశాను.

"ఎంతసేపు?" అన్నారు మామగారు.

"తినేవాళ్ళని తొందరపెట్టకూడదని మీరే కదండీ అంటారు." ఆవిడ పులుసు కలుపుకుని, తల ఎత్తకుండానే అన్నారు: "నేను లేస్తే ఈ హాల్లో మళ్ళీ ఎవరూ కూర్చోరు. లారీ వచ్చేస్తుంది. అందుకని నాకు లేవాలని లేదు. ఇక్కడ నలుగురూ నా చేతి వంట తిని బాగుందంటారు. నాకది కావాలి. అద్దంకిలో నాకెవరంటారు?"

ఆవిడ గొంతు పెద్దది చెయ్యలేదు. కన్నీళ్ళూ లేవు. పులుసన్నం తిన్నారు, అంతే. నాకు మాత్రం చేతిలో గిన్నె బరువైంది. ఆవిడ తన కోసం మామగారిని ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి.

బస్సు మళ్ళీ హారను కొట్టింది. మామగారు ముందు కిటికీ వైపు చూశారు. తర్వాత బంతి పొడుగునా మడిచిన విస్తళ్ళ వైపు చూశారు. ఆయన లేవచ్చు. లేస్తే తన నియమం తనే తప్పినట్టు. లేవకపోతే లారీ వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. లెక్కల మాస్టారైన కొడుకు పక్కనే ఉన్నారు గాని ఈ లెక్కకి పనికిరారు.

ఆఖరికి మామగారు నెమ్మదిగా అన్నారు: "బస్సుకి వెళ్ళేవాళ్ళు లేవండి బాబూ. పరవాలేదు."

ఎవరూ నమ్మలేదు. ఆయన మళ్ళీ చెబితే గాని కదల్లేదు. గుమాస్తాలు లేచారు. కొత్త పెళ్ళికొడుకు లుంగీ మార్చుకోవడానికి తంటాలు పడ్డాడు. షావుకారుగారికి ఉండి చూడాలని ఉందని మొహం చూస్తేనే తెలుస్తోంది గాని, మా ఆయన ఆయన చెయ్యి పట్టుకుని మర్యాదగా బయటికి తీసుకెళ్ళారు. గుమ్మం దాటుతూ షావుకారుగారు వెనక్కి తిరిగి, "అమ్మా, పులుసు చాలా బాగుంది," అని గట్టిగా చెప్పి వెళ్ళారు.

హాల్లో ఆ చివర మామగారు, ఈ చివర అత్తగారు, మధ్యలో ఖాళీ పీటలు, మజ్జిగ గిన్నెతో నేను. మామగారు లేవలేదు. చేసే పనేం లేక, ఆవిడ తినడం చూస్తూ కూర్చున్నారు.

అత్తగారు పెరుగన్నం కలుపుకుని, నా చేత మాగాయ టెంక ఒకటి వేయించుకున్నారు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చిన్నపిల్లలా చీకడం మొదలుపెట్టారు.

"నీకు మాగాయ టెంకంటే ఇష్టమా?" అన్నారు మామగారు.

"చిన్నప్పట్నుంచీ."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పేందుకు మీరెప్పుడున్నారండీ? మీ బంతి లేచాకేగా నేను కూర్చునేది."

ఆవిడ దెప్పుతూ అనలేదు. అడిగారు కనక చెప్పారు. మామగారు తన ఎండిన చెయ్యిని చూసుకున్నారు. అప్పుడు ఆయన మొహం, జవాబు తెలియని ప్రశ్నకి నిలబెట్టిన పిల్లాడి మొహంలా ఉంది.

అప్పుడే బయట లారీ ఆగింది. లారీ అతను గుమ్మంలోకి వచ్చి, "సామాన్లు ఎక్కించమంటారా పంతులుగారూ?" అన్నాడు.

"ఏమీ ఎక్కించక్కర్లేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చో, భోంచేద్దువుగాని."

అతను ఆ దారిన తిరిగేవాడే, మా పద్ధతి తెలిసినవాడే. ఖాళీ పీటల వైపు, మడిచిన విస్తళ్ళ వైపు చూసి, "బంతి అయిపోయినట్టుంది కదండీ?" అన్నాడు.

"అవలేదు," అన్నారు మామగారు. "మా ఆవిడ ఇంకా తింటోంది."